ఆకాశంలో పేను

“విమానం ఎవరు తయారు చేస్తారు?” అని మన హాస్టల్లో ఏ తమ్ముణ్ణి అడిగినా, ఏ చెల్లెల్ని అడిగినా బోయింగ్, ఎయిర్‌బస్ అంటారు. కాస్త జీకే చదివినవాళ్ళు బెంగళూరులోని హెచ్‌ఏఎల్ పేరు కూడా చెబుతారు. జవాబు సరైనదే. కానీ దీనికి ఇంకో జవాబు కూడా ఉంది. సుమారు తొంభై ఏళ్ళ క్రితం ఫ్రాన్సులో ఒక మనిషి ఏ కంపెనీ అండా లేకుండా చెక్క, గుడ్డ, జిగురు, మోటారు సైకిల్‌కు వాడే ఒక ఇంజను తీసుకుని సొంతంగా విమానం కట్టుకున్నాడు. కట్టుకుని ఊరుకోలేదు. ఎలా కట్టాలో పుస్తకం రాసి లోకానికంతా చెప్పాడు. ఆ విమానం పేరు ఫ్రెంచి భాషలో ‘పూ దు సియెల్’. అంటే ‘ఆకాశంలో పేను’!

పేరు వింటే నవ్వొస్తుంది. అయితే ఆ పేను కథలో నవ్వు ఒక్కటే లేదు. మంచి సైన్సు ఉంది. కొన్ని ప్రాణాలు పోయిన దుఃఖం ఉంది. ఇంట్లో మనమే మొదటిసారి చదువుకుంటున్న మనలాంటి వాళ్ళకు పనికొచ్చే విషయం కూడా ఉంది.

మేము ఇదే హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు హైదరాబాదులో గచ్చిబౌలి వైపు పీజీ చేస్తున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాళ్ళం మేమే. మా చుట్టూ హైటెక్ సిటీ ఉంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో ఇక్కడ వినిపించిన మాట సాఫ్ట్‌వేర్. తర్వాత తర్వాత విమాన ఇంజన్ల భాగాలకు డిజైన్ లెక్కలు కట్టే పని కూడా ఇక్కడికి వచ్చింది. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలై 2014లో సైయెంట్‌గా పేరు మార్చుకున్న సంస్థ ప్రాట్ అండ్ విట్నీ అనే ఇంజన్ల కంపెనీకి ఏళ్ళ తరబడి అలాంటి పని చేసింది. అంటే మెట్రో దిగి మనం నడిచే రోడ్డు పక్కనే, అద్దాల మేడల్లో, విమానాల లెక్కలు జరుగుతున్నాయన్నమాట. రోడ్డు మీద నిలబడి తలెత్తి చూస్తే అది మనకు అందని విద్య అనిపిస్తుంది. అది నిజమో కాదో తెలుసుకోవాలంటే ముందు ఈ పేను సంగతి చూద్దాం.

ఎవరీ మిన్యే?

ఆయన పేరు ఆన్రీ మిన్యే. 1893లో ఫ్రాన్సులో పుట్టాడు. వృత్తి రేడియో ఇంజనీరు. విమానాల ఫ్యాక్టరీలో పెరిగినవాడు కాదు. కానీ కుర్రతనం నుంచీ ఎగరాలన్న పిచ్చి ఉండేది. 1912లోనే మొదటి ప్రయత్నం చేశాడు. తన పేరులోని మొదటి అక్షరాలు పెట్టి ప్రతి నమూనాకూ వరుసగా నంబరు వేసుకునేవాడు. హెచ్‌.ఎం.1, హెచ్‌.ఎం.2, ఇలాగ. మనం చెప్పుకుంటున్న పేను హెచ్‌.ఎం.14. నంబరు చూస్తేనే అర్థమవుతుంది, దీని వెనక ఎన్ని ప్రయత్నాలున్నాయో.

మామూలు విమానం నడిపేవాడు రెండు పనులు ఒకేసారి చెయ్యాలి. చేత్తో కర్ర తిప్పాలి, కాళ్ళతో పెడల్స్ తొక్కాలి. రెండూ కలవకపోతే విమానం సరిగా మలుపు తిరగదు. మిన్యేకు ఈ చేయీ కాలూ కలపడం సరిగా కుదరలేదు. ఇంకొకరైతే “నాకు రాదులే” అని మానేసేవారు. ఆయన మాత్రం “కాళ్ళతో పని లేని విమానం ఎందుకు ఉండకూడదు?” అని ఆలోచించాడు. పేను ఆకారం ఆ ప్రశ్నలోంచి వచ్చిందే.

మామూలు విమానానికి ముందు పెద్ద రెక్క, వెనక చిన్న తోక ఉంటాయి. పేనుకు ఒకదాని వెనక ఒకటిగా రెండు రెక్కలు. ముందు రెక్క కాస్త ఎత్తులో, నడిపేవాడి తలకు పైన ఉంటుంది. అది గట్టిగా బిగించి ఉండదు. తలుపు బందు మీద కదిలినట్టు కొద్దిగా కదులుతుంది. కర్ర వెనక్కి లాగితే ముందు రెక్క గాలికి ఎదురుగా ఎత్తుకుంటుంది, విమానం పైకి పోతుంది. ముందుకు తోస్తే కిందికి దిగుతుంది. కర్ర పక్కకు తోస్తే వెనక నిలువుగా ఉన్న చుక్కాని తిరుగుతుంది, విమానం ఆ పక్కకు మళ్ళుతుంది. పెడల్స్ లేవు.

రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 6 మీటర్లు. పొడవు దాదాపు 3.5 మీటర్లు, అంటే ఒక చిన్న కారంత. తరచుగా వాడిన ఇంజను 17 హార్స్ పవర్‌ది. మన రోడ్ల మీద తిరిగే 150 సీసీ బండి కంటే కాస్త ఎక్కువ శక్తి, అంతే. 1933 సెప్టెంబరు 10న స్వాసోన్ అనే ఊరి దగ్గరి మైదానంలో అది ఎగిరింది.

మరి పేను అని ఎందుకన్నారు? అప్పట్లో ఫోర్డు కంపెనీ ‘మోడల్ టి’ కారు చవకది, నల్లటిది, ఎక్కడ చూసినా అదే కనిపించేది. అందుకని ఫ్రెంచివాళ్ళు దాన్ని ‘రోడ్డు మీద పేను’ అనేవారు. రోడ్డు మీద పేను ఉన్నట్టే ఆకాశంలోనూ ఒక పేను ఉండాలి, సామాన్యుడికి కూడా విమానం ఉండాలి అన్నది మిన్యే కోరిక.

పుస్తకం చేసిన పని

1934లో మిన్యే ‘ల స్పోర్ దె లేర్’ అనే పుస్తకం ప్రచురించాడు. అందులో బొమ్మలున్నాయి, కొలతలున్నాయి, ఏది ఎలా కొయ్యాలో, ఎలా అతికించాలో ఉంది. కట్టాక ఎగరడం ఎలా నేర్చుకోవాలో కూడా ఉంది. సామాను పెట్టె మేకులు కొట్టి చేయగలిగి, కారు నడపగలిగిన ఎవరైనా ఈ విమానం కట్టి నడపగలరని ఆయన ధీమా. 1935లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మిన్యే తన పేను మీద ఇంగ్లీషు ఛానల్ సముద్రాన్ని దాటి బ్రిటన్‌లో దిగాడు. ఇక చూడండి, వడ్రంగులు, మెకానిక్‌లు, స్కూలు పిల్లలు సైతం షెడ్లలో, గ్యారేజీల్లో పేనులు కట్టడం మొదలుపెట్టారు. అది ఒక జ్వరంలా పట్టుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. విద్య తెలిసినవాడు దాన్ని దాచుకోవడం లోకంలో మామూలే. మిన్యే తనకు తెలిసినదంతా విప్పి చెప్పాడు. “ఇది నీవల్ల కాదు” అనలేదు, “రా, నేను చెబుతాను” అన్నాడు. ఇంట్లో అడిగితే చెప్పేవాళ్ళు లేనివాడికి అలాంటి పుస్తకం ఎంత విలువైనదో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎవరో పెద్దన్న వదిలివెళ్ళిన పాత గైడు, మార్జిన్లలో పెన్సిలుతో రాసుకున్న గుర్తులు పట్టుకుని మనలో ఎంతమంది పరీక్ష గట్టెక్కలేదు?

కానీ కథ ఇక్కడితో అయిపోలేదు.

పైకి లాగితే కిందికి పోయింది

పేనులు కూలడం మొదలైంది. అన్నీ కాదు, కొన్ని. కూలిన తీరు మాత్రం ఒకేలా ఉంది. విమానం ముక్కు కాస్త కిందికి వంగేది. నడిపేవాడు పైకి లేపడానికి కర్ర వెనక్కి లాగేవాడు. ముక్కు లేవకపోగా ఇంకా కిందికి వంగేది. ఇంకా గట్టిగా లాగేవాడు. ఇంకా వంగేది. అలాగే నేలకు తగిలేది. బ్రేకు తొక్కితే బండి వేగం పెరిగినట్టన్నమాట. మనుషులు చనిపోయారు. 1936లో ఫ్రాన్సు, బ్రిటన్ ప్రభుత్వాలు పేనులకు అడ్డుకట్ట వేశాయి.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి పేనును విండ్ టన్నెల్‌లో పెట్టారు. విండ్ టన్నెల్ అంటే గాలి సొరంగం. మామూలుగా విమానం కదులుతుంది, గాలి నిలకడగా ఉంటుంది. ఇక్కడ తిరగేసి, విమానాన్ని కదలకుండా నిలబెట్టి పెద్ద ఫ్యాన్లతో గాలిని దాని మీదికి తోలుతారు. విమానం మీద ఏ బలం ఎంత పడుతుందో కాటా మీద తూచినట్టు కొలుస్తారు. ఫ్రాన్సులో షాలే-మ్యుడాన్ దగ్గర, బ్రిటన్‌లో ఫార్న్‌బరో దగ్గర పూర్తి సైజు పేనునే లోపల పెట్టగలిగినంత పెద్ద సొరంగాలున్నాయి. అక్కడ బయటపడిన విషయం ఇది.

ముందు రెక్క వెనకంచుకూ, వెనక రెక్క ముందంచుకూ మధ్య ఖాళీ తక్కువ. కర్ర వెనక్కి లాగితే ముందు రెక్క ముందంచు లేస్తుంది, వెనకంచు దిగుతుంది. దిగేసరికి ఆ ఖాళీ ఇంకా ఇరుకవుతుంది. ఇరుకు సందులోంచి గాలి జోరుగా దూరి వెనక రెక్క మీదుగా పోతుంది. గాలి పైన వేగంగా పోతే రెక్కకు పైకెత్తే బలం పెరుగుతుందని మనం ఫిజిక్స్‌లో చదువుకున్నాం. దాంతో వెనక రెక్క లేస్తుంది. వెనక లేస్తే ముక్కు వంగుతుంది. ముక్కు సుమారు 15 డిగ్రీలు కిందికి వంగిన తర్వాత ఎంత లాగినా విమానాన్ని లేపే బలం మిగలదని కొలతల్లో తేలింది. బరువు వెనక్కి ఎక్కువగా ఉంటే ప్రమాదం ఇంకా త్వరగా వస్తుంది.

మిన్యే మోసగాడు కాడు. తన విమానాన్ని తనే నడిపి చూసుకున్నాడు, సముద్రమే దాటాడు. ఆయన నడిపిన తీరులో, ఆయన ఉంచిన బరువులతో ఆ లోపం బయటపడలేదు. పుస్తకం చదివి కట్టినవాళ్ళు ఒకరు బరువైన ఇంజను పెట్టారు, ఒకరు కూర్చునే చోటు మార్చారు, ఒకరు కొలత కాస్త అటూ ఇటూ చేశారు. దాక్కుని ఉన్న తప్పు అప్పుడు పైకి వచ్చింది. మైదానంలో కనిపించనిది సొరంగంలో కనిపించింది.

తప్పు తెలిశాక దాన్ని సరిదిద్దడం సాధ్యమైంది. రెక్కల మధ్య ఖాళీ, రెక్క ఆకారం, బరువు నిలిచే చోటు మార్చి తర్వాత కట్టిన పేనులు చక్కగా ఎగిరాయి. మిన్యే 1965లో చనిపోయేదాకా కొత్త నమూనాలు గీస్తూనే ఉన్నాడు. ఆయన పంథాలో కట్టిన విమానాలు ఫ్రాన్సులో ఆ తర్వాత కూడా ఎగిరాయి.

పేను తర్వాత కీచురాయి

మిన్యే దేశంలోనే మిషెల్ కొలోంబాన్ అనే ఆయన ఇంకో బుల్లి విమానం గీశాడు. ఈయన విమానాల ఇంజనీరే, కానీ దీన్ని మాత్రం సొంత ఇష్టంతో, ఇంట్లో కట్టుకునేవాళ్ళ కోసం చేశాడు. పేరు ‘క్రిక్రి’. ఆయన కూతురు క్రిస్టీన్‌ను ఇంట్లో పిలిచే ముద్దు పేరు అది. ఫ్రెంచిలో కీచురాయి చేసే చప్పుడును కూడా అలాగే అంటారు. 1973 జులై 19న మొదటిసారి ఎగిరింది. మనిషి ఎక్కి నడిపే రెండు ఇంజన్ల విమానాల్లో లోకంలోకెల్లా చిన్నది ఇదే.

దీని కొలతలు చూడండి. రెక్క 4.9 మీటర్లు. పొడవు 3.9 మీటర్లు. ఖాళీ విమానం బరువు 78 కిలోలు. మన హాస్టల్ స్టోర్‌రూములో ఉండే 50 కిలోల బియ్యం బస్తాలు రెండు పెడితే దీనికంటే బరువు! తర్వాతి నమూనాకు రెండు ఇంజన్లు, ఒక్కొక్కటి 15 హార్స్ పవర్. మనిషి, పెట్రోలుతో కలిపి గాల్లోకి లేవదగ్గ మొత్తం బరువు 170 కిలోలు. అంటే మనిషికీ పెట్రోలుకూ కలిపి మిగిలింది 92 కిలోలే. పల్చటి అల్యూమినియం రేకు లోపల తేలికైన ఫోమ్ ముక్కలు జిగురుతో అతికించి రెక్క చేశాడు. ప్రతి గ్రామూ లెక్క చూసుకుని కట్టాడన్నమాట.

ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్ళు ఈ లెక్క చేసి చూడవచ్చు. రెక్క పైకెత్తే బలానికి సూత్రం:

బలం = ½ × గాలి సాంద్రత × వేగం × వేగం × రెక్క వైశాల్యం × లిఫ్ట్ గుణకం

రెక్క వైశాల్యం 3.1 చదరపు మీటర్లు. సముద్ర మట్టం దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు. రెక్క వెనక ఉండే ఫ్లాప్‌లు దించినప్పుడు క్రిక్రి గంటకు 72 కిలోమీటర్ల వేగం దాకా గాల్లో నిలబడగలదు. 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. బరువు 170 × 9.8 = 1666 న్యూటన్లు. ఇప్పుడు లిఫ్ట్ గుణకం ఎంత ఉండాలి?

½ × 1.225 × 20 × 20 × 3.1 = 759.5
1666 ÷ 759.5 = దాదాపు 2.2

ఫ్లాప్‌లు లేని మామూలు రెక్క గుణకం సాధారణంగా 1.5 ప్రాంతంలో ఆగిపోతుంది. 2.2 రావాలంటే రెక్క ఆకారం, ఫ్లాపు ఎంత శ్రద్ధగా చేశాడో ఊహించండి. చిన్న రెక్కతో అంత బరువు మోయించిన రహస్యం అక్కడుంది.

ఇప్పుడు అదే విమానాన్ని మే నెల మధ్యాహ్నం మన గచ్చిబౌలికి తెద్దాం. హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగితే గాలి పల్చబడుతుంది. వేడి పెరిగితే ఇంకా పల్చబడుతుంది. 40 డిగ్రీల ఎండలో ఇక్కడ గాలి సాంద్రత దాదాపు 1.05. అదే బరువు మోయాలంటే వేగం పెరగాలి:

20 × √(1.225 ÷ 1.05) = సెకనుకు దాదాపు 21.6 మీటర్లు, గంటకు 78 కిలోమీటర్లు

ఆరు కిలోమీటర్లే తేడా అనుకోవద్దు. సూత్రంలో వేగం రెండుసార్లు గుణిస్తున్నాం కాబట్టి రన్‌వే మీద పరుగు కనీసం ఆరోవంతు పెరుగుతుంది. పల్చటి గాలిలో ఇంజను శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. ఫ్రాన్సులో చలికాలం పొద్దున హాయిగా లేచిన విమానం మన ఎండలో రన్‌వే చివరిదాకా పోయినా లేవకపోవచ్చు. ఒక చోట పనిచేసిన కొలతను ఇంకో చోట లెక్క చూడకుండా వాడకూడదన్నది ఇందులో ఉన్న విషయం. పేను కట్టినవాళ్ళ విషయంలో జరిగింది కూడా ఇలాంటిదే.

ఇలా ఇంట్లో కట్టుకునే విమానాలు ఆటవస్తువులుగానే మిగిలిపోలేదు. అమెరికాలో బర్ట్ రుటాన్ అనే ఆయన 1970లలో ఇంట్లో కట్టుకునే చిన్న విమానాలకు ప్లాన్లు గీసి అమ్మాడు. ఆయనే తర్వాత స్పేస్‌షిప్‌వన్ చేసి 2004లో మనిషిని అంతరిక్షం అంచుకు పంపాడు. దాని తర్వాతి తరం వాహనంలోనే 2021 జులై 11న మన గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల ప్రయాణించింది. క్రిక్రి కూడా 2010లో పెట్రోలు వదిలి నాలుగు విద్యుత్ మోటార్లతో ఎగిరింది. పెద్ద విమానంలో చేసి చూడటానికి ఖర్చయ్యే ప్రయోగాన్ని చిన్నదాంట్లో చవకగా చేసి చూడవచ్చు.

మన దేశంలో

ముంబయికి చెందిన పైలట్ అమోల్ యాదవ్ తన ఇంటి మేడ మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టాడు. 2016 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగిన ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, 2017లో రిజిస్ట్రేషన్ ఇచ్చింది. ఎగరడానికి అనుమతి 2019లో వచ్చింది. ఇంత ఆలస్యం ఎందుకని ఆయన అభిమానులు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయముంది. అయితే విమానం కూలితే కిందున్నవాళ్ళు కూడా పోతారు కాబట్టి తనిఖీ లేకుండా వదలడమూ కుదరదు. మన దేశంలో ఇంట్లో కట్టిన విమానాన్నైనా సరే డీజీసీఏ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ఇంకొక సంఘటన చెప్పాలి. ఇది రాయడం మాకు కష్టంగా ఉంది. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలోని ఫుల్‌సావంగి అనే ఊళ్ళో 24 ఏళ్ళ యువకుడు ఉండేవాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. వెల్డింగ్ పని చేసేవాడు. సొంతంగా హెలికాప్టర్ తయారు చేశాడు. 2021 ఆగస్టులో నేల మీదే ఇంజను నడిపి చూస్తుండగా తిరిగే రెక్క విరిగి తలకు తగిలింది. చనిపోయాడు. మాకంటే ఒక్క ఏడాదే పెద్ద.

మేము ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చాలా రోజులు మాట్లాడుకున్నాం. కొలోంబాన్‌కూ ఆ కుర్రాడికీ తేడా ఏమిటి? తెలివా? ఎనిమిదో తరగతి చదివి సొంతంగా హెలికాప్టర్ కట్టినవాడికి తెలివి తక్కువని ఎవరంటారు? ధైర్యమా? అది అతనికే ఎక్కువ. తేడా పక్కన ఎవరున్నారన్న దాంట్లో ఉంది. “ఈ రెక్క ఎన్ని చుట్లకు విరుగుతుందో లెక్క కట్టావా? తిప్పేటప్పుడు దూరంగా నిలబడ్డావా?” అని అడిగే మనిషి పక్కన ఉంటే ఆ అబ్బాయి ఈనాడు మనతో ఉండేవాడేమో.

పేపర్లో “పల్లెటూరి కుర్రాడి అద్భుతం” అని వార్త వస్తే మనమంతా చప్పట్లు కొడతాం. చప్పట్లు మంచివే. కానీ వాటితోపాటు ఒక కొలిచే టేపు, ఒక లెక్క తెలిసిన మాస్టారు కూడా అందాలి. అవి అందకుండా చప్పట్లు మాత్రమే అందితే ప్రమాదం.

మన దగ్గర ఉన్నది, లేనిది

మనం ఎవరి పిల్లలం? వడ్రంగి, కమ్మరి, తాపీమేస్త్రీ, బోరుబావి మెకానిక్, చెప్పులు కుట్టేవాడు, బట్టలు నేసేవాడు, కూలిపని చేసేవాడు. చేతిపనిలో మన ఇళ్ళు ఎవరికీ తీసిపోవు. మిన్యేకు కావలసిన చెక్కపని, గుడ్డపని, ఇనుపపని మన ఊళ్ళల్లో తరతరాలుగా ఉన్నాయి. మనకు లేనిది సొరంగం. అంటే మనం చేసినదాన్ని పరీక్షకు పెట్టే చోటు, తప్పుంటే తప్పని చెప్పే మనిషి.

ఆ చోట్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. 2023 మార్చి 2న హైటెక్ సిటీ పక్కన రాయదుర్గంలో ‘టీ-వర్క్స్’ ప్రారంభమైంది. తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ఈ కేంద్రం వస్తువుల నమూనాలు తయారు చేసుకునేవాళ్ళ కోసం. 78,000 చదరపు అడుగుల స్థలంలో త్రీడీ ప్రింటర్లు, లేజర్‌తో కోసే యంత్రాలు, కంప్యూటర్ చెప్పినట్టు లోహం చెక్కే యంత్రాలు, చెక్కపని, వెల్డింగు, ఎలక్ట్రానిక్స్ విభాగాలు ఏర్పాటు చేశారు. మన హాస్టల్ నుంచి విహారయాత్రకు హైదరాబాదు వచ్చినప్పుడు గోల్కొండ, జూపార్కుతోపాటు దీన్ని కూడా జాబితాలో చేర్చమని వార్డెన్ గారిని మేము కోరుతున్నాం. చూడడానికి అనుమతి ముందుగానే అడిగి పెట్టుకోవాలి.

గాలి సొరంగం పని కూడా ఇప్పుడు చాలావరకు కంప్యూటర్‌లోకి వచ్చింది. రెక్క బొమ్మను కంప్యూటర్‌లో గీసి, చుట్టూ ఉన్న గాలిని లక్షల చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో గాలి ఎటు పోతుందో లెక్క కడతారు. సైబరాబాద్ ఆఫీసుల్లో చాలామంది ఇంజనీర్ల ఉద్యోగం ఇలాంటిదే. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఉచితంగా కూడా దొరుకుతాయి. కాలేజీ ల్యాబులో కంప్యూటర్ ఉన్న డిగ్రీ విద్యార్థి మిన్యే పేను తప్పును తెర మీద తనే చూడగలడు. 1936లో రెండు దేశాల ప్రభుత్వాలు పూనుకుంటే తప్ప జరగని పని అది.

చిన్న విమానం నిజంగా ఎక్కాలనుకునేవాళ్ళకు ఒక దారి ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. అందులో కేడెట్లకు మైక్రోలైట్ అనే రెండు సీట్ల చిన్న విమానాల్లో ఎగిరే అవకాశం ఉంటుంది. వాటిలో ‘పిపిస్ట్రెల్ వైరస్’ అనే రకం స్లొవేనియా దేశానిది. ఆ కంపెనీ కూడా మొదట్లో కొందరు ఔత్సాహికులు సాయంత్రపు మసక వెలుతురులో ఎగరేసిన చిన్న గ్లైడర్లతో మొదలైంది. చూసినవాళ్ళు గబ్బిలాలనుకున్నారట. పిపిస్ట్రెల్ అంటే గబ్బిలమే. ఇంటర్‌లోనో డిగ్రీలోనో చేరేటప్పుడు ఆ కాలేజీలో ఎయిర్ వింగ్ ఉందా అని అడగండి. అడిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఈ ఆదివారం చేసి చూడండి

చార్టు కాగితంతో ఒక గ్లైడర్ చేయండి. ముక్కుకు ఒక జెమ్ క్లిప్పు పెట్టి హాస్టల్ వరండాలో మెల్లగా వదలండి. తర్వాత క్లిప్పు తీసి తోకకు పెట్టి వదలండి. తోక బరువైతే ముక్కు లేచి, ఆగి, దబ్బున కూలుతుంది. ఇప్పుడు క్లిప్పును కొంచెం కొంచెం జరుపుతూ ప్రతిసారీ ఎంత దూరం పోయిందో అడుగులతో కొలిచి నోటుబుక్కులో రాయండి. పది సార్లు వదిలితే పది అంకెలు. ఏ స్థానంలో బాగా పోయిందో మీ పట్టికే చెబుతుంది. నోటుబుక్కు లేకుండా పది సార్లు వదిలితే అది ఆట. రాసుకుంటే ప్రయోగం.

ఆ తర్వాత ముఖ్యమైన పని, మీ పట్టికను ఇంకొకరికి చూపించండి. సైన్సు మాస్టారికైనా, పై తరగతి అక్కకైనా. “ఇందులో తప్పేముంది?” అని అడగండి. మన హాస్టల్ పిల్లలకు డౌటు అడగడమంటే బిడియం. అడిగితే నవ్వుతారని, మన మాట తీరు చూసి వెనకబడ్డవాళ్ళనుకుంటారని భయం. మాకూ ఆ భయం పీజీ దాకా వెంట వచ్చింది. కానీ మిన్యే అంతటివాడి లెక్కలోనే తప్పు దాక్కుంటే మన లెక్కలో ఉండదా? చూపించుకోవడం చిన్నతనం కాదు. అడగడానికి ఇంట్లో ఎవరూ లేనివాళ్ళకు అది ఇంకా అవసరం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీలో కొందరు మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, నానక్‌రామ్‌గూడలో ఉద్యోగాలు చేస్తున్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువా కప్పించుకుని, భోజనం చేసి వెళ్ళిపోకండి. ఒక గంట కూర్చుని తమ్ముళ్ళ, చెల్లెళ్ళ నోటుబుక్కులు చూడండి. ఫలానా లెక్క తప్పింది, ఫలానా చోట సరిచేసుకో అని చెప్పండి. మీరు చేసే ఆ పనే ఈ పిల్లలకు గాలి సొరంగం.

ఆలోచించండి

1. పేను విమానంలో కర్ర వెనక్కి లాగితే ముక్కు ఎందుకు ఇంకా కిందికి వంగేది? రెండు అట్ట ముక్కలతో మీ స్నేహితుడికి వివరించండి.

2. మొత్తం బరువు 170 కిలోలు దాటకూడని క్రిక్రిలో 70 కిలోల మనిషి కూర్చుంటే పెట్రోలుకు, సామానుకు ఎన్ని కిలోలు మిగులుతాయి?

3. డిసెంబరు పొద్దున హైదరాబాదులో గాలి సాంద్రత దాదాపు 1.14 అనుకుంటే, క్రిక్రి గాల్లో నిలబడటానికి కావలసిన కనీస వేగమెంత? మే నెల వేగంతో పోల్చండి.

4. మీ ఊళ్ళో సొంతంగా యంత్రం చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళు దాన్ని ఎలా పరీక్షించారు? అడిగి ఒక పేజీ రాసి వచ్చే సంచికకు పంపండి.